పద్నాలుగు శాతం

ఈ బంట్రోతుకి మీసాలు లేకపోతే ఎంత బాగుండేది. ఉన్నా ఫరవాలేదు, పై పెదవిని వదిలేసి పెంచుకుంటే ఎవడి సొమ్మేం పోయింది? పైగా బుగ్గలో కిళ్ళీ. పొద్దున తొమ్మిదింటి నుంచి ఆ గుమ్మంలో నిలబడి, చేతిలో కాగితం చూసి, ఒక్కొక్క పేరూ మూడేసి సార్లు పిలుస్తున్నాడు. మూడోసారికీ ఎవరూ లేవకపోతే లోపలికి తిరిగి గైర్హాజరని చెప్పేస్తున్నాడు. నేనేమో ఆ మీసాల కింద ఏ పేరు నలుగుతోందోనని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. నా పేరు బర్నబాస్. మా అమ్మ అన్నమ్మ బైబిల్లోంచి ఏరి పెట్టింది. చెవిటివాడికి ఇంతకంటే మంచి పేరు దొరకదు. రెండు ‘బ’లున్నాయి, పెదాలు రెండుసార్లు మూసుకుని తెరుచుకుంటాయి, వీధి ఆ చివర నుంచి కూడా పోల్చుకోవచ్చు. ఇలా అవుతుందని ఆవిడకేం తెలుసు, ఆవిడ పోయేనాటికి నాకు రెండు చెవులూ ఉన్నాయి.

ఉన్నాయంటే ఇప్పుడూ ఉన్నాయి, మొహానికి చెరో పక్కా, కళ్ళజోడు పెట్టుకోడానికి పనికొస్తాయి. కుడిది రాయి. ఎడమ దాంట్లోకి అప్పుడప్పుడూ ఏదో దూరుతుంది, బొంత కప్పుకుని పడుకున్నవాడికి పక్కింట్లో తలుపు వేసినట్టు. అది కాక రెండిటిలోనూ ఆగని మోత ఒకటి, రైసుమిల్లు ఆడుతున్నట్టు. ఆ మిల్లుకి సెలవు లేదు, ఆదివారం లేదు. ఇప్పుడూ ఆడుతోంది. తెనాలి ట్రావెలర్స్ బంగళా వరండాలో పదిమందిమి బల్లల మీద కూర్చున్నాం, అందరం ఒకప్పుడు సిపాయిలం, ఇవాళ అర్జీదారులం. మద్రాసు నుంచి వచ్చిన అప్పీలు బోర్డు లోపల ఉంది, మిలిటరీ డాక్టరు మేజరు ఒకాయన, పెన్షన్ల ఆఫీసరు ఒకాయన. తలుపు బార్లా తీసే ఉంది. మేజరు కుర్చీ వరండాకి ఎదురుగా వేశారు. ఊరికే వేశారని నేననుకోను. పక్కన ఏసమ్మ ఉంది, నా భార్య. తెల్లవారుజాము బండికి రేపల్లె నుంచి ఇద్దరం వచ్చాం. దాని చెయ్యి నా భుజానికి జానెడు దూరంలో సిద్ధంగా ఉంది. పేరు పిలవగానే తట్టాలి. తట్టేదాకా నేను లేవకూడదు. ఇంట్లో వంద సార్లు అనుకున్న సంగతే.

పద్నాలుగు శాతం. పాకిస్తానుతో యుద్ధం అయిన మరుసటేడు నన్ను ఇంటికి పంపిస్తూ నా చెవుడుకి మొదటి బోర్డు వేసిన లెక్క. ఇరవై ఉంటే పెన్షను. ఇరవైకి తక్కువైతే ఒక దణ్ణం. నాలుగేళ్ళుగా ఆ పద్నాలుగుని అన్ని వైపులా తిప్పి చూశాను. నూరు మాటల్లో పద్నాలుగు వినపడవని దాని అర్థమా? ఏ పద్నాలుగు? ఏసమ్మ అనేవా, పిల్ల అనేవా, పాస్టరు గారి ప్రసంగంలో చివరివా? ఆ పద్నాలుగూ ఏవో చూపిస్తే మిగతా ఎనభై ఆరూ ఎక్కడున్నాయో వెతుక్కుంటాను. నవ్వొస్తుంది గాని అది నా చేతులారా చేసుకున్నదే. నన్ను గోడవైపు తిరగమని, వెనక ఆరడుగుల దూరంలో నిలబడి, ఆ కుర్ర కెప్టెను డాక్టరు గుసగుసగా మాటలు చెప్పాడు. ఆయన చెప్పింది నేను తిరిగి చెప్పాలి. నా ఎదురుగా మందుల బీరువా. దానికి అద్దాల తలుపులు. అందులో కెప్టెను మొహం, నున్నగా గీసుకున్న మొహం, ఒక్క వెంట్రుక అడ్డం లేదు. పానీ అన్నాడు, పానీ అన్నాను. గాడీ అన్నాడు, గాడీ అన్నాను. పదికి ఎనిమిది చెప్పాను. ఆ రెండూ కూడా ప అన్నాడో బ అన్నాడో మ అన్నాడో పెదాల మీద తేడా తెలియక పోయినవి. ఎందుకు చెప్పావయ్యా అంటే, పరీక్ష అన్నారు కనక. పదకొండేళ్ళు మిలిటరీ నాకు నేర్పింది అదొక్కటే, పరీక్ష పెడితే నెగ్గాలి, తప్పితే పరువు పోతుంది. నెగ్గాను. బయటికొచ్చి తోటివాడికి బీడీ ఇచ్చి అద్దం సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా. తన గొయ్యి తానే తవ్వుకున్నవాడు పార పదును మెచ్చుకున్నట్టు.

ఇంకో పేరు పిలిచాడు. నాది కాదు, పెదాలు అసలు కలవలేదు. కర్ర పట్టుకుని ఒక ముసలాయన లేచాడు. ఎదురు బల్ల మీద కొల్లిపర జగన్నాథరావు గారు ఖాళీ పంట్లాం కాలు మడిచి పిన్నీసు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అరవై రెండులో చైనా సరిహద్దున నేఫా మంచుకి కుళ్ళితే మోకాలి కింద తీసేశారట. ఈయన నోరు శుభ్రంగా ఉంది, మీసం లేదు, కిళ్ళీ లేదు, మాట మొత్తం అందుతుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనతోనే మాట్లాడుతున్నాను.

“నీదేంటి తమ్ముడూ కేసు?”

“చెవులండి.”

“కనపడనిది పెట్టుకున్నావే! నాది చూడు, గుడ్డోడు కూడా తడిమి చెప్తాడు. అయినా రెండేళ్ళకోసారి రమ్మంటారు, కాలు మొలిచిందేమో చూట్టానికి.” పడీపడీ నవ్వారు. అంతలోనే నవ్వు ఆపి నా మొహంలోకి తేరిపార చూశారు. “అది సరేగాని, నాతో బానే మాట్టాడతన్నావుగా?”

ఆ చూపు నాకు తెలుసు. కాలు పోగొట్టుకున్నవాడు కూడా అదే చూపు చూస్తే ఇక మేజరుని అనుకుని ఏం లాభం. ఆయన కాలు చూసి నాకు అసూయ పుట్టింది. సిగ్గులేదు, చెప్పేస్తున్నాను, పుట్టింది. ఆ పిన్నీసు పెట్టిన పంట్లాం నాకుంటే ఈ నాలుగేళ్ళూ నన్ను ఎవడూ ఏమీ అడిగేవాడు కాదు.

దూది సంగతి అడుగుతారట. మోషే బావ అన్నాడు. మోషే ఏసమ్మ అన్న, బాపట్ల తాలూకా ఆఫీసులో గుమాస్తా, మా ఇంటికి ప్లీడరూ డాక్టరూ అన్నీ అతనే. చెవుల్లో పెట్టుకోడానికి దూది ఇచ్చారు గదా, పెట్టుకోలేదేం అంటారు బావా, జవాబు చూసుకో అన్నాడు. ఇచ్చారు. పుస్తకంలో సంతకం పెట్టి పుచ్చుకున్నాను. పంజాబులో చెరుకు తోటల వెనక మా గన్ను, ఆరుగురం మనుషులం, గుండు తోసే పని నాది. దూది పెట్టుకుంటే హవల్దారు అరుపు వినపడదు. దూరం ఎంతో, ఎటు తిప్పాలో, ఎన్ని వెయ్యాలో వినపడదు. ఒక్క అంకె తప్పు వింటే గుండు వెళ్ళి మనవాళ్ళ మీదే పడుతుంది. అందుకని మొదటి రోజు మధ్యాహ్నానికే ఆరుగురం దూది తీసి జేబులో పెట్టుకున్నాం. వినడానికి తీశాం. పద్దెనిమిది రోజులు ప్రతి మాటా సరిగ్గా విన్నాను, ఒక్క గుండు కూడా నా చేతుల్లోంచి ఆలస్యంగా పోలేదు. తొమ్మిదో రోజున కుడిచెవి లోంచి తడిగా కారితే చెమట అనుకుని తుడిచాను, చొక్కా చేతికి ఎర్రగా అంటింది. చెప్పలేదు. చెపితే మెడికల్ పరేడంటారు, పనికి ఎగనామం పెట్టాడంటారు. ఇంతా చేస్తే నా అర్జీకి పైనుంచి వచ్చిన మొదటి జవాబు: సదరు సిపాయి తనకిచ్చిన రక్షణ వాడుకొనలేదు. ఆ వాక్యం మోషే నాకు తెలుగు చేసి చెపుతుంటే అతని పెదాల మీదే దాన్ని చింపి పోగులు పెట్టాలనిపించింది.

ఏసమ్మ మోచేత్తో పొడిచింది. కాదట, పిలవలేదట, నేను మరీ అంతలా బంట్రోతుని చూడొద్దంటోంది. నా ఎదురుగా మొహం పెట్టి, పెదాలు సాగదీసి, “అట్టా చూడమాక. లోపలాయన చూస్తన్నాడు,” అంది. చూడకపోతే ఎలా? నా చెవులు మొహానికి ముందువైపు ఉన్నాయని ఈ మేజరుకి ఎవరు చెపుతారు. నేను మిలిటరీ వదిలి ఇంటికొచ్చిన రెండో రోజు, నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటుంటే వెనక నుంచి ఇది ఏదో అడిగిందట, మళ్ళీ అడిగిందట. నేను తిరగలేదు. అప్పుడు చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడి, అదే మాట మూడోసారి అడిగింది. ఏడవలేదు. ఆ రోజు నుంచి ఎప్పుడు నాతో మాట్లాడాలన్నా ముందుకొచ్చి మాట్లాడుతుంది, పొయ్యి మీద ఏం మాడిపోతున్నా సరే. దీపం ఆర్పేశాక మా ఇద్దరికీ మాటల్లేవు. ఊరికి మాత్రం తెలియనివ్వలేదు. చెవిటి మాలోకం అంటారు, నవ్వుతారు, పనివ్వరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత చెపుతారు గాని, ఊదేవాడి బుగ్గలు చూసి ఎంత గట్టిగా ఊదాడో నేను చెప్పగలను. అలా తయారయ్యాను. ఒక్క నా కూతురి దగ్గరే ఓడిపోయాను. ప్రేమకుమారికి ఆరేళ్ళు. అది పుట్టాక సెలవులో వచ్చి దాని ఏడుపు విన్నాను, నెల పిల్ల ఏడుపు. అంతే, అదొక్కటే. నాన్నా అని మొదటిసారి ఎప్పుడు పిలిచిందో, గొంతు ఎలా ఉంటుందో, నాకు తెలియదు. పెదాలు చూసి అర్థం చేసుకునేవాణ్ణి, కిందటి నెల ముందు పళ్ళు నాలుగూ ఊడాయి, అప్పట్నుంచీ దాని మాట ఒక్కటీ పోల్చుకోలేకపోతున్నాను. అదేదో చెపుతుంది, నేను తల ఊపుతాను, అది అలిగి పోతుంది. పళ్ళెప్పుడొస్తాయని ఏసమ్మని అడుగుతుంటాను.

ఈ శాతాలకి నా కూతురి పళ్ళు ఒక లెక్కా.

అసలు కొంప ముంచింది సర్టిఫికెట్టు. రేపల్లెలో నేను పనిచేసే స్కూలుకి హెడ్మాస్టరు వెంకటరాఘవయ్య గారు, మంచాయన, నిజంగానే మంచాయన. నేను అక్కడ గంట కొడతాను. గడియారం చూసి కొడతాను, గంట మోగిందని అరచేతికి తెలుస్తుంది, పిల్లలు పరిగెత్తడం కంటికి తెలుస్తుంది. నాలుగేళ్ళలో ఒక్క పీరియడు తప్పలేదు. ఆయన గదిలోంచి నన్ను పిలవాలంటే కిటికీలోంచి చెయ్యి బయట పెడతారు, అది ఆయన అలవాటు, నా అదృష్టం. పోయినేడు అప్పీలు కాగితాలు రాయించడానికి బాపట్లలో అర్జీలు రాసే పాండురంగ గారి దగ్గరికెళ్ళాను. పెద్దమనిషి సర్టిఫికెట్టు లేని అర్జీ ఉప్పు లేని పప్పురా అబ్బీ, ఎవరైనా గెజిటెడ్ ఆయన చేత నడవడి బాగుందని రాయించుకురా, పైన గుచ్చుదాం అన్నాడాయన. మనవైపు అదే పద్ధతి. పొలం గట్టు తగాదాకైనా, రేషను కార్డుకైనా, ముందు మనం మంచివాళ్ళమని ఒక మంచివాడు రాయాలి. వెళ్ళి హెడ్మాస్టరు గారిని అడిగాను. పెన్షను కోసమని చెప్పాను, చెవుల సంగతి చెప్పలేదు, చెపితే ఆ గంట నా చేతిలో ఉంటుందా? ఆయన సంతోషంగా ఇంగ్లీషులో అర పేజీ రాసి, సీలు వేసి, కాగితం బల్ల అంచున పెట్టారు. ఆయన చేతుల్లోంచి నా చేతుల్లోకి ఏదీ నేరుగా రాదు, బల్ల మీదుగానే వస్తుంది. తీసుకుని కళ్ళకద్దుకున్నాను. పాండురంగ గారు అన్నిటికంటే పైన గుండుసూదితో గుచ్చారు. నేను పోస్టు చేశాను, అదీ రిజిస్టరు పోస్టు.

పోయిన నెల ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక మోషే నకలు కాగితాలు తిరగేస్తూ ఆ అర పేజీ దగ్గర ఆగిపోయాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “ఇదేంటి బావా, ఇది చదివించుకోకుండానే పంపావా?” ఏం రాశారంటే, ఈ బర్నబాస్‌ని నాలుగేళ్ళుగా ఎరుగుదును, నిజాయితీపరుడు, తాగడు, పిలిచిన మొదటి పిలుపుకే పలుకుతాడు, చెప్పినది ఒక్కసారి విని చేస్తాడు, రెండోసారి చెప్పించుకోడు. సీలు. సంతకం. చెవిటివాణ్ణి మొర్రో అని నేను పెట్టుకున్న అర్జీకి, వీడికి బాగా వినపడుతుందని నేనే సాక్ష్యం గుచ్చి, నా డబ్బుతో స్టాంపులు అంటించి పంపాను. శత్రువు కూడా ఇంత తెలివిగా చెయ్యలేడు. ఎవరిని తిట్టను? మంచివాడని రాసిన మంచివాణ్ణి తిట్టనా? ఆ రోజంతా అన్నం తినలేదు.

ఆ తర్వాత తాలీము మొదలైంది. చెవిటివాడికి చెవిటితనం నేర్పించడం ఎక్కడైనా చూశారా? ప్రతి ఆదివారం బాపట్లలో మోషే ఇంటి వసారాలో. నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టి వెనక ఇత్తడి పళ్ళెం పడేసేవాడు. గచ్చు అదిరి అరికాలికి తెలిసేది, తిరిగేవాణ్ణి. ఎదురుగా వచ్చి కోప్పడేవాడు. “అదుగో తిరిగావు! తిరిగితే పోయినట్టే.” కాళ్ళకి కూడా చెవుడు ఉండాలట. ఎవరైనా మాట్లాడుతుంటే నోరు చూడకు, నేల చూడు. అర్థమైనా తల ఊపకు. అన్నిటికంటే ముఖ్యం, పిలవగానే లేవొద్దు. ఆ సర్టిఫికెట్టు వాళ్ళ ముందు ఉంటుంది, మొదటి పిలుపుకి లేస్తావో లేవవో గుమ్మంలోనే చూస్తారు, పరీక్ష వాకిట్లోనే మొదలవుతుంది, ఏసమ్మ తట్టాకే లే. పదేపదే చెప్పాడు. నాలుగేళ్ళు వినపడుతున్నట్టు నటించి బతికాను. ఇప్పుడు నిజాన్ని నటించమంటున్నారు, అదే నాకు చేతకావడం లేదు.

జగన్నాథరావు గారిని పిలిచారు. వెళుతూ నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు, మొహం అటు తిప్పుకుని అన్నారు, ఏమన్నారో. లోపల పని అయినవాళ్ళని పెరటి గుమ్మం లోంచి పంపించేస్తున్నారు, కనక మళ్ళీ కనపడరు. ఏసమ్మ వరండా చివర కుండలో చెంబు ముంచి చూసి వచ్చి నా ముందు నిలబడింది. కుండ ఖాళీ. పొద్దున బండి ఎక్కేముందు తాగిన టీ తప్ప నా నోట్లో ఏమీ పడలేదని దానికి బెంగ, పెదాలు ఎండిపోయాయంది. “నీ ముందు ఇంకా ఇద్దరున్నారంట, అడిగొచ్చా. రోడ్డవతల పంపుంది. ఇట్టా పోయి అట్టా వస్తా. నువ్వు కదలమాక.” వద్దనలేదు. నాలుక నిజంగానే పిడచకట్టుకుపోయింది. చెంబు పట్టుకుని, చెంగు నెత్తిన వేసుకుని, గేటు దాటి ఎండలోకి వెళ్ళింది.

బంట్రోతు వచ్చాడు. ఒక పేరు, మూడుసార్లు. ఎవరూ లేవలేదు. లోపలికి తిరిగి చెప్పాడు. ఇంకో పేరు, మూడుసార్లు. అదీ అంతే. ఆ ఇద్దరూ రానేలేదు, ఆ ఇద్దరికీ పట్టింది అర నిమిషం. కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, కిళ్ళీ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చాడు, మీసం లేచింది. పెదాలు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. మళ్ళీ మూసుకున్నాయి, తెరుచుకున్నాయి.

నా పేరు. ప్రభువా, నా పేరు. నా కళ్ళు అతని కళ్ళలో ఉన్నాయి. మోకాళ్ళు లేచిపోబోయాయి, పదకొండేళ్ళు మిలిటరీ హాజరు పిలుపుకి లేచిన మోకాళ్ళు, రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. అతని భుజం పక్క నుంచి మేజరు కనపడుతున్నాడు, కలం ఎత్తి పట్టుకుని వరండాలోకి చూస్తున్నాడు. మొదటి పిలుపుకే పలుకుతాడని ఆయన ముందు రాసి ఉంది. లేవకూడదు. గేటు వైపు చూశాను. ఏసమ్మ లేదు. లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది, దానవతల పంపు, పంపు దగ్గర బిందెలు, ఏసమ్మ లేదు. మళ్ళీ ఇటు తిరిగేటప్పటికి మీసం కదులుతోంది. రెండోసారి. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, నా పేరు వాళ్ళలో ఎవరికీ తెలియదు. తట్టడానికి భుజం మీద చెయ్యి లేదు. నేల చూడమన్నాడు మోషే. నేల చూశాను. ఎర్రటి గచ్చు, దాని మీద చీమలు బారుగా పోతున్నాయి. తలొంచుకున్నాక ఇంకేముంది, రైసుమిల్లు తప్ప లోకంలో ఏమీ లేదు. మూడోసారి ఎప్పుడు పిలిచాడో, పిలిచాడో లేదో. ఇదిగో నాయనా నీ చెవుడు, ఇది నటన కాదు, చూసుకో, రాసుకో అనుకుంటూ చీమల్ని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపని కూర్చుంటాను. తల ఎత్తేసరికి, చివరి బల్ల మీది చెయ్యి లేని కుర్రవాడు లోపలికి వెళుతున్నాడు.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. బంట్రోతు నన్ను ఎగాదిగా చూశాడు.

“బర్నబాస్ నేనేనండి.”

“ఇప్పుడా? ముమ్మార్లు పిలిచాగా.”

“నాకు వినపడదండి,” అన్నాను. “చెవుడండి. రెండు చెవులూ.” ఊళ్ళో ఎవరికీ, స్కూల్లో ఎవరికీ చెప్పని మాట, ఇంతమంది ఎదట ఎప్పుడూ నోరు తెరిచి అనని మాట. గట్టిగా అరిచి చెప్పానేమో కూడా, అందరూ ఇటు తిరిగారు.

అతను కిళ్ళీ ఉమ్మేసి వచ్చాడు. అందువల్ల ఈసారి ప్రతి మాటా చక్కగా అందింది. “ఎవరికి చెప్తావయ్యా? పేరు పిలవంగానే నా కళ్ళలోకి చూశావు. చూసి మొహం అటు తిప్పుకున్నావు. విని కూడా లేవలేదు సార్ అని నేనే చెప్పా. మేజరు గారు కూడా చూశారు, రాసేసుకున్నారు. ఇంక ఎల్లు.” తలుపు మొదటిసారిగా మూశాడు.

మళ్ళీ వచ్చి అదే బల్ల మీద అదే చోట కూర్చున్నాను. ఎంత కోపమో చెప్పలేను. ఎవరి మీదో కూడా చెప్పలేను. బంట్రోతు అబద్ధం ఆడలేదు, మేజరు తప్పు చూడలేదు, మోషే చెడ్డ సలహా ఇవ్వలేదు. గేటు లోంచి ఏసమ్మ వస్తోంది, దాదాపు పరిగెత్తుతూ, చెంబు మీద అరచెయ్యి మూతలా పెట్టుకుని, నీళ్ళు తొణికి చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. అది పంపు దగ్గర ఎంతమందిని బతిమాలుకుని ముందుకెళ్ళిందో ఆ మొహమే చెపుతోంది. వచ్చి నా ఎదురుగా నిలబడి, ఊపిరి పీల్చుకుని, పెదాలు సాగదీసి అడిగింది.

“పిలిచారా?”

“లేదు,” అన్నాను. “ఇంకా పిలవలేదు.”

హమ్మయ్య అనుకుంది. నేను నీళ్ళు తాగేదాకా చూసి, చెంబు బల్ల కింద పెట్టి, నా పక్కన కూర్చుంది. చెంగు చెవి వెనక్కి తోసుకుని, చెయ్యి నా భుజానికి దగ్గరగా పెట్టుకుని, ఆ మూసిన తలుపు వైపు తల వంచి నా పేరు కోసం వింటోంది.